విశాఖ నుంచి లండన్‌కు ఆకాశమార్గం: దూరం, సమయం లెక్కకట్టే తీరు

గోడమీది పటంపై స్కేలు పెట్టి దూరం కొలవవద్దు, గుండ్రని భూమిని బల్లపరుపుగా పరిచిన ఆ పటం మోసం చేస్తుంది. పిల్లల గ్లోబు తీసుకొని, విశాఖపట్నంపై దారపు కొసను వేలితో నొక్కి, లండన్ వరకు బిగుతుగా లాగండి. దారం ఉత్తరానికి ఒంగి వెళ్తున్నట్లు కనిపించినా అదే అతిదగ్గరి దారి. ఆ పొడవును భూమధ్యరేఖపై పరిస్తే సుమారు 72 డిగ్రీలు వస్తుంది. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున దూరం దాదాపు 8,000 కిలోమీటర్లు.

దీన్ని గంటకు 850 కిలోమీటర్ల వేగంతో భాగించి, విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి మరో అరగంట కలిపితే పది గంటలవుతుంది. అయితే మనవాళ్లు సాధారణంగా హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో విమానం మారతారు కాబట్టి, ఒక్కో అంచెనూ విడిగా లెక్కించి, మధ్యలో నిరీక్షణను కలపాలి. అసలు అలసట అక్కడే. పైగా ఎత్తులో పడమటి నుంచి వీచే గాలులు వెళ్లేటప్పుడు ఎదురై, వచ్చేటప్పుడు తోడై, తిరుగు ప్రయాణాన్ని కొంత తగ్గిస్తాయి.

టికెట్‌పై ఉండేవి స్థానిక సమయాలు. వేసవిలో లండన్‌లో రాత్రి 9కి బయలుదేరి మర్నాడు ఉదయం 11కి హైదరాబాద్‌లో దిగితే, తేడా 14 గంటలుగా కనిపిస్తుంది. అందులో లండన్ కంటే మన గడియారం ముందుండే నాలుగున్నర గంటలు తీసేస్తే ప్రయాణం తొమ్మిదిన్నర గంటలే. చలికాలంలో అయిదున్నర తీసేయాలి.