ఘర్షణ బాణం చివర గీయండి

జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నా ఎర్ర కలం లెక్కల దగ్గర కన్నా బొమ్మల దగ్గరే ఎక్కువగా ఆగుతుంది. పెట్టె కుడివైపు కదులుతోంది కాబట్టి కుడివైపు ఒక బాణం గీసి, పక్కన ‘చలన బలం’ అని రాసేస్తారు. ఆ బలాన్ని ఎవరు ప్రయోగిస్తున్నారని అడిగితే నోరు మెదపరు. యజమాని లేని బాణానికి స్వేచ్ఛా వస్తు పటంలో, అంటే ఒక వస్తువు మీద పనిచేసే బలాలన్నిటినీ బాణాలుగా చూపే బొమ్మలో, చోటు లేదు.

ముందుగా మీకు కావలసిన వస్తువును ఒక్కదాన్నే గీయండి. నేల, చెయ్యి, తాడు ఏవీ వద్దు. తర్వాత పెన్సిల్ మొనతో దాని అంచు చుట్టూ ఒకసారి తిరిగి రండి. ఎక్కడ ఏది తగిలితే అక్కడ ఒక బలం ఉంటుంది. నేల తగిలితే అభిలంబ బలం (తలానికి లంబంగా నెట్టేది), తాడు తగిలితే తన్యత (తాడు లాగే బలం). తాకకుండానే లాగేది భూమి ఒక్కటే, దాని బాణం నేరుగా కిందికి. మామూలు లెక్కలకు ఇంతకు మించి అక్కర్లేదు.

ఘర్షణ బాణాన్ని మాత్రం చివరిదాకా ఆపండి. విద్యార్థిగా నేను బోల్తాపడింది ఇక్కడే. 10 కిలోల పెట్టె నేల మీద ఉంది, నిలిచి ఉన్న పెట్టెకూ నేలకూ మధ్య పట్టు ఎంతో చెప్పే స్థైతిక ఘర్షణ గుణకం 0.5. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే బరువు 100 న్యూటన్లు, అభిలంబ బలమూ అంతే. 30 న్యూటన్లతో అడ్డంగా తోస్తే ఘర్షణ ఎంత? గుణకాన్ని అభిలంబ బలంతో గుణించి 50 అని ధీమాగా రాశాను. అదే నిజమైతే నేను ముందుకు తోస్తున్న పెట్టె ఎదురు తిరిగి నా మీదికే రావాలి! 50 అనేది స్థైతిక ఘర్షణకు గరిష్ఠ హద్దు మాత్రమే. పెట్టె కదలనంతవరకు ఘర్షణ మీ తోపుకు సరిసమానంగా ఉంటుంది: ఇక్కడ 30. తోపు 60కి పెంచితే హద్దు దాటుతుంది, పెట్టె జారుతుంది. జారుడు ఘర్షణ గుణకం 0.4 అయితే ఘర్షణ 40, ఫలిత బలం 20, త్వరణం 2.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన లెక్క. అదే 60 న్యూటన్ల బలాన్ని క్షితిజ సమాంతరానికి 30 డిగ్రీల కోణంలో వాడదాం. తాడు కట్టి పైకి వాలుగా లాగితే నిలువు అంశం 30, అడ్డం అంశం సుమారు 52. తాడు కొంత బరువును మోస్తుంది కాబట్టి అభిలంబ బలం 70కి తగ్గుతుంది, ఘర్షణ హద్దు 35కి. పెట్టె కదులుతుంది. అదే కోణంలో వెనక నుంచి కిందికి వాలుగా తోయండి. అభిలంబ బలం 130, హద్దు 65. మన 52 దానికి చాలదు, పెట్టె అంగుళం కూడా కదలదు. అభిలంబ బలం ఎప్పుడూ బరువుకు సమానమే అనుకునేవారికి ఈ తేడా ఎన్నటికీ కనిపించదు.

వాలు తలం మీద అభిలంబ బలం తలానికి లంబంగా ఉంటుంది, బరువు మాత్రం నేరుగా కిందికే. బరువును రెండు అంశాలుగా విడగొట్టాక అసలు బాణాన్ని కొట్టివేయండి. లేకపోతే ఒకే బరువును రెండుసార్లు లెక్కపెడతారు. ఒక అట్ట మీద నాణెం పెట్టి, అట్ట ఒక అంచును మెల్లగా ఎత్తండి. నాణెం జారబోయే క్షణంలో ఎత్తిన అంచు ఎత్తును, అట్ట కింద నేల మీద కొలిచిన అడ్డం దూరంతో భాగిస్తే స్థైతిక ఘర్షణ గుణకం వస్తుంది. నాణెం బరువు తెలియాల్సిన పని లేదు, లెక్కలో అది రెండు వైపులా కొట్టుకుపోతుంది.

ఘర్షణ ఎప్పుడూ కదలికకు వ్యతిరేకమేనని నమ్మేవారికి నేనిచ్చే పరీక్ష ఒకటుంది. ఒక పుస్తకం మీద మరో పుస్తకం పెట్టి, కింది దాన్ని మెల్లగా ముందుకు లాగండి. పైదీ దానితో పాటే వస్తుంది. ఇప్పుడు పై పుస్తకాన్ని ఒక్కదాన్నే గీసి, అంచు చుట్టూ పెన్సిల్ తిప్పండి. తగిలేది కింది పుస్తకం ఒక్కటే. మరి పై పుస్తకాన్ని ముందుకు నడిపిస్తున్న బాణం ఎవరిది, ఎటు చూస్తోంది?