రినైసాన్స్ ఫెయిర్‌లో పగటివేషం – 4వ పాఠం: రాణిగారిని ‘నువ్వు’ అన్నవాళ్ళకి

ఈసారి బట్టల గురించి చెబుతానని పోయినసారి మాట ఇచ్చాను. చెప్పను. మూడో పాఠం చివర "మీ పాత్ర రాణిగారికి ఎదురుపడింది, నాలుగు వాక్యాలు మాట్లాడించి పంపండి" అని చిన్న అభ్యాసం ఇచ్చాను కదా, వచ్చిన జవాబులు చదివాక బట్టలు ఆగినా పర్లేదు గానీ నోటి సంగతి ఆగేలా లేదనిపించింది. పంతొమ్మిది మంది పంపారు. అందులో పదహారు మంది రాణిగారిని "దౌ" (thou) అన్నారు. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి "దౌ లుకెథ్ వెరీ బ్యూటిఫుల్, యువర్ మెజెస్టీ, ఐ బౌవెథ్" అన్నాడు. అన్నా, నువ్వెవరో నీకు తెలుసు, ఇక్కడ పేరు చెప్పనులే.

తప్పు నాదే. "దౌ అంటే యూకి పాత రూపం, పాతకాలం వాసన రావడానికి అక్కడక్కడా చల్లుకోండి" అని పోయినసారి ఒక్క ముక్కలో తేల్చేశాను. మీరు చారు మీద కొత్తిమీర చల్లినట్టు చల్లేశారు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. 1963లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఫిల్లిస్, రాన్ ప్యాటర్సన్ అనే దంపతులు ఒక రేడియో స్టేషన్‌కి విరాళాల కోసం మొదలుపెట్టిన తిరునాళ్ళు ఈ రినైసాన్స్ ఫెయిర్. ఇప్పుడు టెక్సాస్‌లో, మిన్నెసోటాలో, మేరీలాండ్‌లో ఎక్కడ చూసినా ఉంది. జనం టికెట్ కొనుక్కుని ఎలిజబెత్ రాణిగారు ఏలుతున్న 16వ శతాబ్దపు ఇంగ్లండ్‌లోకి వచ్చినట్టు వస్తారు. వీధుల్లో తిరిగే మనం ఆ ఊరివాళ్ళం. మనకి స్టేజీ ఉండదు, మైకు ఉండదు, మన దగ్గరికి వచ్చినవాడితోనే ఆట. మన పగటివేషాలు చూసినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళు మీ తాతయ్యనడగండి. వాలంటీరుగా పేరు ఇవ్వడం, రిహార్సల్స్‌కి పోవడం, నీళ్ళు తాగడం, ఇవన్నీ మీకు తెలిసినవే.

ఇక దౌ సంగతి. దీన్ని ఎంత పొడుగ్గా చెప్పాల్సొస్తే అంత పొడుగ్గా చెబుతాను, ఎందుకంటే తెలుగువాళ్ళు దీంట్లో తడబడితే నాకు ఒళ్ళు మండుతుంది. అమెరికన్లు తడబడితే అర్థం చేసుకోవచ్చు, వాళ్ళ భాషలో ఇప్పుడు చిన్నాపెద్దా అందరికీ ఒకటే యూ. మనకి అలా కాదుగా! నువ్వు, మీరు, తమరు అనే మూడు మెట్లు పాలతో పాటు తాగి పెరిగాం. మరి ఎక్కడ తేడా కొట్టింది? స్కూల్లో. ఇంగ్లీషు పద్యాల్లోనూ ప్రార్థనల్లోనూ మాత్రమే దౌ కనబడింది కాబట్టి అదేదో మహా మర్యాద మాట అని మనసులో ముద్రపడిపోయింది. నిజానికి అది మర్యాదకి సరిగ్గా వ్యతిరేకం. దౌ అంటే నువ్వు. యూ అంటే మీరు. అంతే. ప్రార్థనలో దౌ ఎందుకొచ్చిందంటారా? మనం దేవుణ్ణి ఏమంటాం? "రామా, నీవే దిక్కు" అంటామా, "రామా, మీరే దిక్కండీ" అంటామా? వాళ్ళూ అంతే, దేవుడు దగ్గరివాడు.

కాబట్టి మీరు తెలుగులో నువ్వు అనే చోటల్లా దౌ వస్తుంది. భార్యని, చిన్నపిల్లల్ని, చిన్ననాటి స్నేహితుణ్ణి, పనివాణ్ణి (ఆ కాలం అలాంటిది మరి), కుక్కని, ఆవుని, దేవుణ్ణి. ఇంకా, తిట్టేటప్పుడు. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం కేసు నడుస్తుంటే ప్రభుత్వం తరఫున వాదించిన సర్ ఎడ్వర్డ్ కోక్ నిండు సభలో "ఐ దౌ దీ, దౌ ట్రెయిటర్" అన్నాడు. మన భాషలో "నిన్ను ఏరా అనే అంటాన్రా, ద్రోహీ" అన్నట్టు. అక్కడ తిట్టు ట్రెయిటర్ ఒక్కటే కాదు, దౌ కూడా తిట్టే. మీ పదహారు మందీ రాణిగారిని పిలిచిన పిలుపు అదీ.

నేనూ పిలిచాను. మొదటి సీజన్, రెండో ఆదివారం. రాణిగారి ఊరేగింపు వస్తోంది, డప్పు మోగుతోంది, జనం రెండు పక్కలకీ జరిగారు, నేను టోపీ తీసి మోకాలి మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే గొంతెత్తి "హౌ ఆర్ట్ దౌ, యువర్ మెజెస్టీ?" అన్నాను. రాణిగారి వేషంలో ఉన్నావిడ ఆగింది. చేతిలో విసనకర్ర గాలిలోనే ఆగిపోయింది. వెనకున్న సర్దారు కత్తిపిడి మీద చెయ్యేశాడు. ఆవిడ నా వైపు చూడకుండా ఆయన్నే అడిగింది, చాలా నింపాదిగా: "ఈ మనిషి నన్ను పెళ్ళామనుకున్నాడా, ఆవనుకున్నాడా?" ఎలిజబెత్‌కి పెళ్ళి కాలేదని అందరికీ తెలుసు కదా, జనం పడీపడీ నవ్వారు. నాకు చెమటలు పట్టాయి, అదీ ఆటలో భాగమే అనుకున్నారు చూసినవాళ్ళు. సాయంత్రం టెంటు వెనక ఆవిడ (మామూలు రోజుల్లో స్కూల్ టీచరు) నాకు దౌ గురించి చెప్పడం మొదలుపెడితే, మధ్యలోనే ఆపి "మా భాషలో ఇది ఉంది" అన్నాను. "ఉండి కూడా అలా అన్నావా?" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. విచిత్రం ఏమిటంటే, తర్వాతి వారం నుంచి రోజూ ఊరేగింపులో అదే తప్పు కావాలని చెయ్యమంది. ఇప్పటికీ చేస్తున్నాను. మీరు చెయ్యొద్దు.

పరీక్ష చాలా తేలిక. ఏ వాక్యమైనా నోటి నుంచి వదిలే ముందు తెలుగులో అనుకోండి. "రాణిగారూ, నువ్వు బాగున్నావా?" చెవికి ఎలా ఉంది? అంత చెత్తగానూ ఉంటుంది ఇంగ్లీషులో. రాణిగారికి మీరు కూడా చాలదు, తమరు కావాలి. అంటే ఎదురుగా ఉన్న మనిషినే మూడో మనిషిలా మాట్లాడాలి: "ఇఫ్ ఇట్ ప్లీజ్ యువర్ మెజెస్టీ", "యువర్ మెజెస్టీ హ్యాథ్ బీన్ మోస్ట్ గ్రేషస్". దొరవారు సెలవిస్తే, అన్నట్టు. ఇంకో సంగతి, ఒకరి కంటే ఎక్కువమంది ఉంటే దౌ రానే రాదు, వాళ్ళు పిల్లలైనా సరే. గుంపుని మనం నువ్వు అనం కదా.

ఇప్పుడు ఆ ఎథ్. "ఐ బౌవెథ్", "ఐ థాంకెథ్ యూ", "లెట్ అస్ ఈటెథ్". బాబోయ్. ఎథ్ అనేది మన "వస్తాడు, వస్తుంది"లో తోక లాంటిది. హీ, షీ, ఇట్, లేదా ఒక మనిషి పేరు ముందుంటేనే వస్తుంది. "ఐ థాంకెథ్ యూ" అంటే "నేను మీకు దణ్ణం పెడతాడు" అన్నట్టు. "యూ లుకెథ్" అంటే "మీరు కనిపిస్తుంది". "దౌ లుకెథ్" అంటే "నువ్వు కనిపిస్తాడు". దౌకి వేరే తోక ఉంది, ఎస్ట్ లేదా ట్: దౌ ఆర్ట్, దౌ హాస్ట్, దౌ డస్ట్, దౌ విల్ట్, దౌ షల్ట్, దౌ కాన్స్ట్, దౌ నోయెస్ట్, దౌ కమెస్ట్. హీకి: హీ హ్యాథ్, షీ డథ్, ఇట్ రెయినెథ్, ది క్వీన్ కమెథ్. ఐ, వీ, యూ, దే, ఈ నలుగురికీ తోకే లేదు. కమ్, గో అని ఆజ్ఞ ఇచ్చేటప్పుడు కూడా తోక లేదు. పైగా 1590ల నాటికి మామూలు మాటల్లో హ్యాథ్ పక్కనే హ్యాజ్ కూడా తిరుగుతోంది, కాబట్టి ప్రతి క్రియకీ తోక తగిలించాలన్న కంగారు అక్కర్లేదు.

ఇక దీ, దై. నిన్ను, నీ. చాలు.

నా సొంత పద్ధతి చెప్పనా? నేను దౌని దాదాపు వాడను. అందరికీ యూ, రాణిగారికి యువర్ మెజెస్టీ, సర్దార్లకి మై లార్డ్, మిగతావాళ్ళకి గుడ్ సర్, మిస్ట్రెస్. దౌ మూడు చోట్ల మాత్రమే: చిన్నపిల్లాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు, దొంగ పాత్ర వేసే మా స్నేహితుణ్ణి వీధిలో తరిమేటప్పుడు, కుక్కతో. ఎప్పుడో ఒకసారి వచ్చేసరికి దానికో విలువుంటుంది. కొందరు దర్శకులు దీనికి ఒప్పుకోరు, దౌ లేకపోతే జనానికి పాత ఇంగ్లీషులా వినబడదంటారు. వాళ్ళతో వాదన పెట్టుకోకండి, వాళ్ళ ఫెయిరు, వాళ్ళిష్టం.

చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఐ థాంకెథ్ దీ" అంటే మాత్రం దిద్దొద్దు. ఎట్టి పరిస్థితుల్లోనూ. వాళ్ళు టికెట్ కొనుక్కుని, సిగ్గు విడిచి మనతో ఆడటానికి వచ్చారు. నేను ఒకసారి దిద్దాను, ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది, వాళ్ళ నాన్న నన్ను చూసిన చూపు ఉందే!

నోట్లోంచి తీసెయ్యాల్సిన మాటలు అందరికీ కొన్ని ఉంటాయి గానీ మనవాళ్ళకి రెండు ప్రత్యేకం. ఓకే, యాక్చువల్లీ. ఓకే అన్నది 1839లో అమెరికా పత్రికల్లో పుట్టిన మాట, రాణిగారు పోయిన రెండొందల చిల్లర ఏళ్ళకి. దాని బదులు "ఐ" (aye) అనండి, సాగదీయకుండా, ఇంగ్లీషులో ‘ఐ’ అక్షరం పలికినట్టు. యాక్చువల్లీ బదులు "ఇన్ ట్రూథ్". పొద్దున గుడ్ మారో, మధ్యాహ్నం దాటితే గుడ్ డెన్. బతిమాలాలంటే ఐ ప్రే యూ. ప్రిథీలో ‘దీ’ దాక్కుని ఉంది, కాబట్టి ఎవరితో అంటున్నారో చూసుకోండి. యాస గురించి ముగ్గురు అడిగారు. మీ యాస మీకుండనివ్వండి, నెమ్మదిగా మాట్లాడండి. బ్రిటిష్ యాస పెట్టబోయి పౌరాణిక నాటకంలో దుర్యోధనుడి గొంతు తెచ్చుకునేవాళ్ళు మనలో ఎక్కువ, తర్వాత వన్స్ మోర్ ఎవరూ అనరు.

ఇంకొక్కటి, ఇది అందరూ అడిగిందే. "వేర్ ఆర్ యూ రియల్లీ ఫ్రమ్?" మన రంగు చూసి అడుగుతారు, ఎక్కువమంది మంచి మనసుతోనే. దానికి టెన్షన్ పడి పాత్ర వదిలేసి "హైదరాబాద్, ఇండియా, ఐటీ" అనేస్తారు. రెండో పాఠంలో చెప్పిన రాల్ఫ్ ఫిచ్ ఇక్కడ పనికొస్తాడు. 1583లో టైగర్ అనే ఓడెక్కి, అక్బరుకి ఎలిజబెత్ రాసిన ఉత్తరం పట్టుకుని బయల్దేరిన లండన్ వర్తకుల్లో ఆయనొకడు. హోర్ముజ్‌లో పోర్చుగీసువాళ్ళ చేతికి చిక్కి, గోవాలో జైలుపాలై, అక్కణ్ణుంచి తప్పించుకుని, గోల్కొండ మీదుగా ఉత్తరానికి వెళ్ళి, 1591లో లండన్ చేరాడు. మన హైదరాబాద్ పుట్టిన సంవత్సరమే! నా పాత్ర ఫిచ్ దారి విని లండన్ చేరిన మచిలీపట్నం మిరియాల వర్తకుడు. కల్పితమే, అలాంటి మనిషి ఉన్నట్టు రికార్డు లేదు. లండన్‌లో ఒక బెంగాల్ కుర్రాడికి బాప్తిస్మం ఇచ్చిన రికార్డు ఉంది గానీ అది 1616, రాణిగారు అప్పటికి లేరు. గోల్కొండ యువరాజు వేస్తామన్న నలుగురికీ మళ్ళీ చెబుతున్నాను, వద్దు. యువరాజుతో ఎవరు మాట్లాడతారు? వర్తకుడైతే చేతిలో సరుకుంటుంది.

నా నడుం సంచిలో ఎప్పుడూ గుప్పెడు మిరియాలుంటాయి. ఎక్కడి నుంచి అని అడగ్గానే మాట్లాడను, సంచి ముడి విప్పి, ఒక్క గింజ తీసి, వేళ్ళ మధ్య నలిపి వాళ్ళ ముక్కు దగ్గర పెడతాను. వాసన చూస్తారు. "దేర్, గుడ్ సర్. ఐ యామ్ ఫ్రమ్ దేర్" అంటాను. రెండు పేజీల కథ రాసి బట్టీపట్టిన చెల్లెమ్మా, ఇంతే కావాలి. మిగతా కథ వాళ్ళు అడిగితే చెప్పు, అడక్కపోతే నీ దగ్గరే ఉంచుకో. (తుమ్ము వచ్చేవాళ్ళుంటారు, ఒక అడుగు వెనక్కి నిలబడు.)

పిల్ల తప్పిపోయినా, ఎవరైనా ఎండకి కళ్ళు తిరిగి పడినా, ఆ క్షణమే పాత్ర వదిలెయ్యాలి. మామూలు ఇంగ్లీషు, మామూలు గొంతు. "ప్రివీస్ (అంటే మరుగుదొడ్లు) ఎక్కడ" అని అడిగేవాడు గంతులేస్తూ అడిగినా అంతే, చెయ్యి చాపి దారి చూపించండి, కవిత్వం వద్దు.

అభ్యాసం. ఈ ఆదివారం పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఇంట్లో తెలుగులో మీరు నువ్వు అన్న ప్రతిసారీ, మీరు అన్న ప్రతిసారీ, ఎవరిని అన్నారో ఒక కాగితం మీద గీత పెట్టండి. కోపమొచ్చి మీరు నుంచి నువ్వుకి దిగిన చోట చుక్క పెట్టండి. మీ ఆవిడ గానీ మీ ఆయన గానీ ఏం చేస్తున్నావని అడిగితే అది ఎవరి గీతో కూడా రాయండి. ఆ కాగితంలో కనీసం పదిహేను వాక్యాలు తీసుకుని దౌ, యూ సరిగ్గా పెట్టి, తోకలు సరిచూసి ఇంగ్లీషులో పెట్టండి. తర్వాత రాణిగారితో ఆ నాలుగు వాక్యాలూ మళ్ళీ రాయండి. పదహారు మందీ రాయాలి. మిగతా ముగ్గురూ కూడా, ఎందుకంటే వాళ్ళు యూ అన్నది తెలిసి అన్నారో, మర్చిపోయి అన్నారో నాకు అనుమానమే.

బట్టలు వచ్చేసారి. అప్పటిదాకా ఎవరూ ఏమీ కొనకండి, ముఖ్యంగా వెనక జిప్పు ఉన్నదేదీ.