ఊపిరి పరీక్ష రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: పొగతాగేవారి శ్వాసనాళాలు

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి జవాబుతో మొదలుపెడదాం. ఎఫ్‌వీసీ 3.60 లీటర్లు, ఎఫ్‌ఈవీ1 2.95 లీటర్లు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.82 వస్తుంది. అంటే ఆ మనిషి ఊదిన గాలిలో నూటికి 82 వంతులు మొదటి సెకనులోనే బయటికి వచ్చేసింది. గాలి దారిలో అడ్డంకి కనిపించడం లేదని రాసినవారి జవాబు సరైనది.

ఈ పాఠంతోనే మొదలుపెడుతున్నవారి కోసం రెండు మాటలు. గుండెల నిండా గాలి పీల్చి శక్తికొద్దీ ఊదినప్పుడు మొత్తం బయటికి వచ్చే గాలి ఎఫ్‌వీసీ. అందులో మొదటి సెకనులో వచ్చిన భాగం ఎఫ్‌ఈవీ1. 1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు ఊపిరిని కొలిచే తన పరికరం స్పైరోమీటర్ గురించి ప్రకటించినప్పుడు ఆయన కొలిచింది మొత్తం గాలినే. మొదటి సెకనును విడిగా కొలవాలన్న ఆలోచన రావడానికి మరో వందేళ్లు పట్టింది. పొగతాగేవారి విషయంలో ఆ ఒక్క సెకనే చాలా సంగతులు చెబుతుంది.

ముందు లోపల జరిగేది

అంకెలు చూసే ముందు ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియాలి. ఈ భాగాన్ని తొందరపడకుండా చదవండి.

శ్వాసనాళాల లోపలి పొర మీద కంటికి కనిపించనంత సన్నని, వెంట్రుకల్లాంటి శైలికలు ఉంటాయి. అవి ఎప్పుడూ కదులుతూ, పీల్చిన దుమ్మునూ సూక్ష్మక్రిములనూ కఫంతో సహా గొంతు వైపు నెడుతుంటాయి. పొగ తగిలితే వాటి కదలిక మందగిస్తుంది. ఏళ్ల తరబడి తగులుతూ ఉంటే అవి పొట్టివైపోతాయి, కొన్నిచోట్ల రాలిపోతాయి. మరోవైపు కఫం తయారుచేసే కణాలు పెరుగుతాయి. తయారయ్యేది ఎక్కువ, బయటికి వెళ్లేది తక్కువ. పొద్దున లేవగానే వచ్చే దగ్గు, కళ్లె (గొంతులోంచి పడే కఫం) అందువల్లే. ‘సిగరెట్ తాగేవాళ్లకు ఆ మాత్రం దగ్గు మామూలే’ అని ఇంటిల్లిపాదీ సర్దుకుపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. అది మామూలు దగ్గు కాదు. వేరే కారణమేదీ లేకుండా వరసగా రెండేళ్లు, ఏటా కనీసం 3 నెలలపాటు కళ్లెతో దగ్గు ఉంటే వైద్యశాస్త్రం దాన్ని దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటుంది.

ఇక వాపు సంగతి. దెబ్బ తగిలిన చోట కాలు వాచినట్టు ఇది పైకి కనిపించదు. పొగలోని రసాయనాలను ఎదుర్కోవడానికి ముందు మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు చేరతాయి. అవి పంపే సంకేతాలకు స్పందించి రక్తంలోని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు తరలివస్తాయి. సీడీ8 లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు నాళాల గోడల్లోకి దిగుతాయి. న్యూట్రోఫిల్స్ విడుదల చేసే ఎలాస్టేజ్ అనే ఎంజైమ్, ఊపిరితిత్తులకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ పోగులను తెంచేస్తుంది. దాన్ని అదుపు చేసేందుకు మన రక్తంలో ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్ ఉంది. పొగ ఆ ప్రొటీన్‌ను కూడా పనిచేయకుండా చేస్తుంది. పుట్టుకతోనే ఈ ప్రొటీన్ కొరవడిన వారిలో ఊపిరితిత్తులు దెబ్బతింటున్నాయని 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అనే పరిశోధకులు గుర్తించాకే ఈ ఎంజైముల పాత్రపై అందరి దృష్టీ పడింది.

ఈ వాపు ఎక్కడ మొదలవుతుందన్నదే నేటి పాఠానికి ప్రాణం. 2 మిల్లీమీటర్ల కంటే సన్నని చిన్న నాళికల్లో మొదలవుతుంది. అవి లెక్కకు మించి ఉంటాయి కాబట్టి, ఆరోగ్యవంతుల్లో గాలి ప్రవాహానికి ఎదురయ్యే నిరోధంలో వాటి వాటా చాలా తక్కువ. కొన్ని మూసుకుపోయినా మిగిలినవి పని నడిపిస్తాయి. మనిషికి ఏమీ తెలియదు, ఎఫ్‌ఈవీ1 కూడా పెద్దగా కదలదు. హఠాత్తుగా చనిపోయిన యువకుల ఊపిరితిత్తులను పరీక్షించిన ఒక అమెరికన్ అధ్యయనం 1974లో వచ్చింది. పొగతాగే అలవాటున్నవారి చిన్న నాళికల్లో ఆ వయసుకే మాక్రోఫేజ్‌ల గుంపులు, వాపు కనిపించాయి. సీఓపీడీ (గాలి దారులు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు) ముదిరినవారిలో చివరి నాళికలు సన్నబడటమే కాకుండా సంఖ్యలోనే బాగా తగ్గిపోతాయని 2011లో సూక్ష్మ సీటీ స్కాన్లు చూపించాయి. పోయిన నాళిక మళ్లీ మొలవదు.

చిన్న నాళికలకు గట్టి ఎముకలాంటి ఆధారమేదీ లేదు. చుట్టూ ఉన్న గాలి గదుల గోడలు, షామియానాను నాలుగు వైపులా లాగి కట్టిన తాళ్లలా వాటిని తెరిచి ఉంచుతాయి. ఎలాస్టేజ్ ఆ తాళ్లను తెంపేస్తే, బలంగా ఊదిన క్షణంలో నాళిక కూలి మూసుకుపోతుంది. గాలి లోపలే చిక్కుకుంటుంది. అందుకే వీరికి పీల్చడం కంటే వదలడం కష్టం.

అలవాటును ఎలా రాసుకోవాలి

రిపోర్టు పక్కన ఎంత పొగ తాగారో రాసి ఉండాలి. 20 సిగరెట్లను ఒక ప్యాకెట్‌గా తీసుకుని, రోజుకు ఎన్ని ప్యాకెట్లో దాన్ని ఎన్నేళ్లతో గుణిస్తే ప్యాక్-ఇయర్లు వస్తాయి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది 10 సిగరెట్ల పెట్టె. ‘రోజుకో పెట్టె’ అన్నవారిది అర ప్యాకెట్టే. కాబట్టి పెట్టెలు అడగకండి, సిగరెట్లు ఎన్నో అడగండి. బీడీకీ చుట్టకూ ఈ లెక్క అతకదు. ఏది, రోజుకు ఎన్ని, ఎన్నేళ్లు అని మాటల్లోనే రాయండి. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవయసు స్త్రీలు ఉన్నారు. ‘సిగరెట్ తాగుతావా అమ్మా?’ అని అడిగితే ‘లేదు నాయనా’ అంటారు, అది నిజమే కూడా. కట్టెల పొయ్యి ముందు గడిపిన ఏళ్లు కూడా అడిగి రాయాలి. ఆ పొగ కూడా ఈ నాళికలనే దెబ్బతీస్తుంది.

ఒక రిపోర్టును కలిసి చదువుదాం

ఇది అభ్యాసం కోసం నేను తయారుచేసిన రిపోర్టు. 54 ఏళ్ల పురుషుడు. రోజుకు 15 సిగరెట్లు, 30 ఏళ్లుగా. అంటే 22.5 ప్యాక్-ఇయర్లు. మూడు ప్రయత్నాల్లో ఎఫ్‌ఈవీ1 వరసగా 1.92, 1.88, 1.61 లీటర్లు. ఎఫ్‌వీసీ 3.20, 3.14, 2.70. అతని వయసుకూ ఎత్తుకూ ఉండాల్సిన ఎఫ్‌ఈవీ1 2.90 అని రిపోర్టులో ఉంది.

మొదటి చూపు ఎప్పుడూ పరీక్ష నాణ్యత మీదే. మంచి ప్రయత్నాలు కనీసం మూడు ఉండాలి, అందులో అత్యుత్తమమైన రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. ఇక్కడ తేడాలు 40, 60. సరిపోయింది. మూడోదాని అంకెలు తక్కువగా ఉన్నా, పోల్చేది అత్యుత్తమమైన రెండింటినే.

తర్వాత, ఊదడం చివరిదాకా సాగిందా అని చూడాలి. పొగతాగేవారి రిపోర్టులో ఇది మరీ ముఖ్యం. వీరి ఊపిరితిత్తులు నెమ్మదిగా ఖాళీ అవుతాయి. కొందరికి 10 సెకన్లు దాటినా గాలి వస్తూనే ఉంటుంది. ఇదే మనిషి మూడో సెకనులో ఆపేశాడనుకుందాం. ఎఫ్‌ఈవీ1 అదే 1.92 ఉంటుంది, ఎఫ్‌వీసీ మాత్రం 2.60 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్‌ఈవీ1ను ఎఫ్‌వీసీతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.74. అది 0.70 కంటే తక్కువైతే అడ్డంకి ఉన్నట్టు లెక్క. అడ్డంకి మాయమైపోయింది! నిజానికి మాయమైంది ఊదాల్సిన గాలి. పరిమాణం–కాలం గ్రాఫులో గీత పైకి వెళ్లి చదునుగా సాగిందో, పైకి పోతూనే తెగిపోయిందో చూస్తే ఈ మోసం దొరుకుతుంది. ఊదించేవారు పక్కనే నిలబడి ‘ఇంకా, ఇంకా’ అని చివరిదాకా ప్రోత్సహించడం అందుకే అవసరం.

ఇప్పుడు నిష్పత్తి. 1.92ను 3.20తో భాగిస్తే 0.60. కాని ఇక్కడే తీర్పు చెప్పకూడదు. శ్వాసనాళాలను వెడల్పు చేసే సాల్‌బ్యుటమాల్ మందును 400 మైక్రోగ్రాములు పీల్పించి, 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదించాలి. రెండోసారి ఎఫ్‌ఈవీ1 2.02, ఎఫ్‌వీసీ 3.25, నిష్పత్తి 0.62. మందు తర్వాత కూడా 0.70 కంటే తక్కువే. పెరిగింది 100 మిల్లీలీటర్లు మాత్రమే, అంటే ఉండాల్సిన విలువలో 3 శాతం చిల్లర. 2021 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 10 శాతం దాటితేనే మందుకు స్పందన ఉన్నట్టు. 2.02 అనేది 2.90లో 70 శాతం. 50 నుంచి 79 మధ్య ఉంది కాబట్టి తీవ్రతలో రెండో స్థాయి అడ్డంకి. జబ్బు పేరు నిర్ధారించాల్సింది మనిషిని స్వయంగా పరీక్షించిన వైద్యుడే.

0.70 అనే గీతను గుడ్డిగా నమ్మకండి. వయసుతోపాటు ఈ నిష్పత్తి సహజంగానే తగ్గుతుంది. అందువల్ల 75 ఏళ్ల ఆరోగ్యవంతుణ్ని రోగిగా చూపించవచ్చు, 35 ఏళ్ల యువకుడిలో మొదలైన జబ్బును దాటేయవచ్చు. రిపోర్టులో వయసును బట్టి లెక్కించిన కనిష్ఠ సాధారణ విలువ ఉంటే దాన్ని కూడా చూడండి.

ఒకటి చాలదు, రెండు కావాలి

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. పొగతాగే మనిషి చేతిలో ‘నార్మల్’ అని రాసిన ఒక్క కాగితం అభయపత్రం కాదు. చిన్న నాళికల్లో వాపు ఉండగానే ఆ మాట రావచ్చు. పాత రిపోర్టును పారేయనివ్వకండి. రెండూ పక్కపక్కన పెట్టి ఏటా ఎంత తగ్గుతోందో చూడండి.

ఎఫ్‌ఈవీ1 వయసుతోపాటు అందరికీ తగ్గుతుంది. ఎంత వేగంగా అన్నదే ప్రశ్న. లండన్‌లో పనిచేసే పురుషులను ఏళ్ల తరబడి పరిశీలించిన ఫ్లెచర్, పీటో అనే పరిశోధకులు 1977లో రెండు సంగతులు చూపించారు. పొగతాగేవారిలో కొందరికి ఈ తగ్గుదల మిగతావారికంటే చాలా వేగంగా ఉంటుంది. మానేసినవారికి పోయింది పెద్దగా తిరిగి రాదుగాని, వేగం మాత్రం పొగతాగనివారి స్థాయికి దిగుతుంది. తర్వాత అమెరికా, కెనడాలలో 5,887 మంది పొగతాగేవారితో ‘లంగ్ హెల్త్ స్టడీ’ జరిగింది. 11 ఏళ్ల ఫలితాల్లో, తాగుతూనే ఉన్న పురుషులకు ఏటా సగటున 66 మిల్లీలీటర్లు తగ్గగా, మొదట్లోనే మానేసినవారికి 30 మాత్రమే తగ్గింది. స్త్రీలలో ఆ అంకెలు 54, 22. అదే అధ్యయనంలో శ్వాసనాళాలను వెడల్పు చేసే ఇప్రాట్రోపియం అనే మందు ఇన్‌హేలర్ వాడినా ఈ దీర్ఘకాలిక తగ్గుదల మారలేదు. మానేశాక కూడా జబ్బు ముదిరినవారి నాళాల్లో వాపు కొంత మిగిలే ఉంటుంది. అందుకే ఎంత ముందు మానేస్తే అంత మేలు.

ఒక జాగ్రత్త. ఏడాదికి 60 మిల్లీలీటర్ల తగ్గుదల, పరీక్షకూ పరీక్షకూ మధ్య సహజంగా వచ్చే తేడాలోనే కలిసిపోతుంది. ఏడాది తేడాతో చేసిన రెండు పరీక్షలను చూసి భయపెట్టకండి, ధైర్యమూ చెప్పకండి. నాలుగైదేళ్ల ఎడం ఉంటే మాట్లాడవచ్చు.

ఈ వారం అభ్యాసం

45 ఏళ్ల పురుషుడు. 24 ఏళ్లుగా రోజుకు 10 సిగరెట్లున్న పెట్టె ఒకటి. పొద్దున కళ్లెతో దగ్గు ఉంది, ఆయాసం లేదంటాడు. సాల్‌బ్యుటమాల్ తర్వాత తీసిన అంకెలు: 2019లో ఎఫ్‌ఈవీ1 3.10, ఎఫ్‌వీసీ 4.00. 2024లో ఎఫ్‌ఈవీ1 2.78, ఎఫ్‌వీసీ 3.92. రెండు రిపోర్టుల మీదా ‘నార్మల్’ అనే ఉంది.

ప్యాక్-ఇయర్లు ఎన్ని? రెండు నిష్పత్తులూ లెక్కకట్టండి. ఏటా సగటున ఎన్ని మిల్లీలీటర్లు తగ్గిందో, అది పైన చెప్పిన ఏ గుంపుకు దగ్గరగా ఉందో రాయండి. ఆ తర్వాత, అతను మీ ఎదురుగా కూర్చుని ‘నార్మలే కదండీ?’ అని అడిగితే ఏం చెబుతారో నాలుగు వాక్యాల్లో, అతనికి అర్థమయ్యే మాటల్లో రాయండి. వచ్చే పాఠంలో ముందుగా ఆ నాలుగు వాక్యాలనే చూద్దాం.