పాత ఓమ్నీకి ఈకో ఇంజిన్ ఎక్కిస్తున్నారా? ముందు పెట్రోల్ పైపు మార్చండి

రోడ్డు మీద పోతున్న వ్యాన్ మంటల్లో కాలిపోయిందన్న వార్త మళ్లీ చదివాం. ఎండ వల్ల అని కొందరు, షార్ట్ సర్క్యూట్ అని కొందరు అంటారు. కావచ్చు కూడా. కానీ మన నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పాత మారుతి ఓమ్నీ వ్యాన్లకు మారుతి ఈకో బండి పెద్ద ఇంజిన్ వేయించుకునే వాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి, రోహిణి కార్తె రాకముందే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది. మంచి మెకానిక్‌ని చూసుకోండి, బేరమాడండి లాంటివి మీకు చెప్పక్కర్లేదు.

అసలు విషయం పెట్రోల్ పైపు. పాత కార్బొరేటర్ ఓమ్నీలో పెట్రోలు మెల్లగా, పావు కిలో ప్రెషర్‌తో వస్తుంది. ఈకోది పెట్రోలును ప్రెషర్‌తో చిమ్మే ఇంజెక్షన్ ఇంజిన్, దానికి ట్యాంకులోని పంపు దాదాపు మూడు కిలోల ప్రెషర్‌తో తోస్తుంది, అంటే పదింతలకు పైనే. ఇంజిన్‌కి, గేర్‌బాక్స్‌కి, వైరింగ్‌కి వేలకు వేలు పెట్టి, చివర్లో మెకానిక్ "పైపు బాగానే ఉందన్నా, ఇదే ఉంచుదాం" అంటే తలూపేస్తారు. నేను చూసినంతలో మనుషుల్ని ముంచేది ఈ ఒక్క మాటే. పైపు పైకి నల్లగా నిగనిగలాడుతూ కనిపిస్తుంది. క్లిప్పు వదులు చేసి, అది కూర్చున్న చోట వేళ్లతో వంచి చూడండి, సన్నటి పగుళ్లు విచ్చుకుంటాయి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాతకాలం రబ్బరు దానికి తట్టుకోదు. పైగా ఓమ్నీలో ఇంజిన్ ఉండేది ఎక్కడ? డ్రైవర్ సీటు కిందే. కారిన పెట్రోలు సైలెన్సర్ మీద పడితే మంట లేచేది మీ కిందనే.

కాబట్టి పాత పైపు వద్దు. మూడు కిలోల ప్రెషర్‌కి పనికొచ్చే ఇంజెక్షన్ హోస్ అని అడిగి తీసుకోండి, దాని మీద ఆర్9 అని అచ్చు ఉంటుంది. గాట్లున్న మామూలు క్లిప్పులు రబ్బరును కోసేస్తాయి, ఇంజెక్షన్ క్లిప్పులే వాడండి. బిగించాక స్టార్ట్ చేయకుండా తాళం నాలుగైదు సార్లు ఆన్ చేసి ఆపండి, పంపు ప్రెషర్ ఎక్కిస్తుంది. ప్రతి జాయింటు కింద తెల్లగుడ్డతో తుడిచి వాసన చూడండి. బండి బాగా వేడెక్కాక మళ్లీ చూడండి, చల్లగా ఉన్నప్పుడు కారని జాయింటు వేడికి కారుతుంది.

కాగితాల సంగతి. ఇంజిన్ మార్చే ముందే ఆర్టీవో అనుమతి తీసుకోవాలి, కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్పేది ఇదే. కాదని మార్చుకుంటే 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. నంబరు కలవకపోతే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లకు క్లెయిమ్ ఎగ్గొట్టడానికి అదొక్కటి చాలు. పాత ఇంజిన్ కొంటే ఆ బండి ఆర్‌సీ కాపీ, బిల్లు లేకుండా డబ్బులివ్వొద్దు, దొంగ బండిదైతే మీ మెడకు చుట్టుకుంటుంది.

బ్రేకులు 796 సీసీకి చేసినవి, ఇంజిన్ 1196 సీసీది. పవర్ రెట్టింపు అయింది, బ్రేకులు మాత్రం అవే. వాటిని పెంచకుండా హైవే ఎక్కొద్దు.

రేడియేటర్ పాతది ఉంచొద్దు. మన ఎండలకు ఆగదు.

బ్యాటరీ నుంచి పంపుకి ఫ్యూజ్ లేకుండా వైరు లాగొద్దు. మధ్యలో రిలే, అంటే పంపుకి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చు, పెట్టించండి.

పెట్రోల్ పైపు సైలెన్సర్ పక్కనుంచి పోనీయొద్దు.

ఇంజిన్‌ని పట్టుకునే మౌంటింగ్ రబ్బర్లు కొత్తవి వేయించండి. వెల్డింగ్ చేసేటప్పుడు ట్యాంకు దించేయండి, బ్యాటరీ వైరు పీకేయండి.

పాత పైపు వాడొద్దు. ఆరు నెలలకోసారి సీటెత్తి చూడండి.

మంటలార్పే సిలిండర్ సీటు కింద పెట్టొద్దు, మంట వచ్చేదే అక్కణ్నుంచి. డోరు పక్కన బిగించండి.

ఇంజిన్ మార్చాక మొదటి ట్రిప్పు పిల్లల్ని ఎక్కించుకుని పెంచలకోనకో తిరుపతికో వద్దు. నాలుగు రోజులు ఒక్కరే ఊరి చుట్టూ తిరగండి.

పెట్రోలు వాసన వస్తే "ఇంటికి పోయాక చూద్దాం" అనొద్దు. వెంటనే పక్కన ఆపి, తాళం తీసి, అందర్నీ దించండి. పొగ కనిపిస్తే సీటు ఎత్తొద్దు, గాలి తగలగానే మంట పైకి లేస్తుంది. దూరంగా జరిగి 101కి ఫోన్ చేయండి.