రైఫిల్ వేట, 4వ పాఠం: భుజం ఓర్చుకునే తూటా

పోయిన పాఠంలో రైఫిల్ మడమను భుజానికి ఆనించుకోవడం నేర్చుకున్నాం. ఈసారి తూటా సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం మన దేశంలో సరదా వేట నేరం. ఈ పాఠాలు అమెరికాలోని కొలరాడోలో లైసెన్సు తీసుకుని ఎల్క్ వేటకు వెళ్లే మనవాళ్ల కోసం. ఎల్క్ మన కణితికి దగ్గరి చుట్టం, ఎదిగిన మగది 300 కిలోలు దాటుతుంది.

అంత జంతువుకి పెద్ద తూటాయే కావాలని ఎవర్నడిగినా చెబుతారు. నేనూ నమ్మి మొదటి ఏడాది .300 వించెస్టర్ మ్యాగ్నమ్ అనే పెద్ద తూటా పేల్చే రైఫిల్ కొన్నాను. మూడోసారి పేల్చేసరికి స్కోపు (గురి చూసే దుర్భిణి) వచ్చి కనుబొమ్మ చీల్చింది. ఆ తర్వాత ట్రిగ్గర్ మీద వేలు పడకముందే కళ్లు మూసుకుపోయేవి. ఇక గురి ఎక్కడిది!

పేల్చగానే రైఫిల్ వెనక్కి తన్నే ఈ తన్ను ఎంతో లెక్క వేయొచ్చు. ఇంటర్‌లో చదివిన ద్రవ్యవేగ నిత్యత్వమే: తూటాలోంచి దూసుకెళ్లే గుండు, కాలిన తుపాకి మందు కలిసి ముందుకు ఎంత ద్రవ్యవేగంతో పోతే రైఫిల్ అంతతో వెనక్కి వస్తుంది. 3.6 కిలోల రైఫిల్‌లో 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలిచే చిన్న కొలమానం) గుండున్న .308 వించెస్టర్ సుమారు 22 జౌళ్లతో తంతుంది. 180 గ్రెయిన్ల .300 మ్యాగ్నమ్ తన్ను 40 దగ్గర, దాదాపు రెట్టింపు. 140 గ్రెయిన్ల 7ఎంఎం-08 రెమింగ్టన్ అయితే 20 దగ్గరే ఆగుతుంది. రైఫిల్ బరువూ చూడాలి. 3 కిలోల రైఫిల్‌లో అదే .308 తన్ను 27 దాకా పోతుంది. కొండెక్కేటప్పుడు మిగిలిన బరువుకి భుజం వడ్డీ కడుతుందన్నమాట.

మరి ఎంత చాలు? ఎల్క్‌కి కొలరాడో నిబంధన కనీసం .24 క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో), 85 గ్రెయిన్ల గుండు, 100 గజాల దగ్గర 1,000 అడుగు-పౌండ్ల శక్తి. .243 వించెస్టర్ ఇందులో పాసవుతుంది, కానీ కొత్తవాళ్లకి నేను చెప్పను. గుండు కాస్త పక్కకి తగిలితే జంతువు గాయంతో పారిపోతుంది. నా ఓటు 7ఎంఎం-08కి. చంపావత్ నరభక్షక ఆడపులిని చంపినందుకు 1907లో వేటగాడు జిమ్ కార్బెట్‌కి బహూకరించిన రైఫిల్ .275 రిగ్బీ. ఆ తూటా 7×57 మౌజరే, పేరు వేరు. 7ఎంఎం-08 బలం దానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అది దొరక్కపోతే 6.5 క్రీడ్‌మూర్ లేదా .308 తీసుకోండి. ఏదైనా సరే, 250 గజాలు దాటి పేల్చొద్దు.

ఇంటిపని: కొనకముందే షూటింగ్ రేంజ్‌లో అద్దె రైఫిల్‌తో పరీక్షించుకోండి. చెవుల్లో ప్లగ్గులు, వాటిపైన చెవులు కప్పే మఫ్స్ కూడా పెట్టుకోండి, సగం జంకు మోతవల్లే. తోడు వచ్చినవాళ్లు మీకు కనబడకుండా పది తూటాలు ఒక్కొక్కటే నింపాలి, వాటిలో మూడు డమ్మీలు (పేలనివి). డమ్మీ పడి 'టిక్' మన్నప్పుడు జంకుతో గొట్టం కిందికి దిగిందా? అయితే ఇంకో మెట్టు చిన్న తూటాకి దిగండి.

5వ పాఠంలో గుండు లోపలి కట్టుబడి చూద్దాం: రాగి, సీసం, ఎముక తగిలితే ఏది ఏమవుతుందో.