‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ పొడిగించిన కూర్పులను మళ్లీ ఎలా చూడాలి?

పీటర్ జాక్సన్ తీసిన ఈ మూడు సినిమాలను థియేటర్ కూర్పులో ఎన్నిసార్లు చూసినవారికైనా పొడిగించిన కూర్పులో కొత్త కథ కనిపిస్తుంది. పక్కన పడేసిన సన్నివేశాలను తెచ్చి ఎక్కడో ఒకచోట అతికించిన డిస్కులు కావు ఇవి. సినిమాలను మళ్లీ ఎడిట్ చేసి ఆ సన్నివేశాలను కథలో కలిపారు. సంగీత దర్శకుడు హోవర్డ్ షోర్ వాటి కోసం కొత్తగా సంగీతం రాసి రికార్డు చేశారు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఒక సినిమాలో చేర్చిన చిన్న ముక్కకు ఫలితం తర్వాతి సినిమాలో దొరకడం. ఒకే రోజులో మూడూ చూసేయాలని పట్టుబట్టి కూర్చుంటే, మూడో సినిమా సగానికి వచ్చేసరికి కళ్లు వాలిపోతాయి. ఆ ఫలితాలన్నీ సరిగ్గా అక్కడే ఉన్నాయి. అందుకే నిదానంగా చూడమని నా సలహా.

ముందుగా, ఎవరితో చూస్తున్నారో ఆలోచించండి

ఈ కథ అసలే తెలియనివారు పక్కన ఉంటే పొడిగించిన కూర్పు పెట్టకండి. థియేటర్ కూర్పుల్లో బిగువు ఎక్కువ. కొత్తవారికి కావలసింది కథ ముందుకు సాగడం. పాత్రల మీద ప్రేమ కలిగిన తర్వాతే వాళ్లతో ఇంకాస్త సమయం గడపాలనిపిస్తుంది. ఈ రెండో రకం కూర్పు ఆ కోరిక కోసమే ఉంది. దీన్ని ‘దర్శకుడి అసలు కూర్పు’ అని పిలవకపోవడం కూడా గమనించదగ్గదే. థియేటర్‌లో వచ్చినవి అసంపూర్ణ సినిమాలేమీ కావు.

నిడివి లెక్క సరిగ్గా వేసుకోండి

థియేటర్ కూర్పుల నిడివి 178, 179, 201 నిమిషాలు. పొడిగించినప్పుడు ‘ద ఫెలోషిప్ ఆఫ్ ద రింగ్’కు సుమారు 30 నిమిషాలు, ‘ద టూ టవర్స్’కు 40 నిమిషాల పైచిలుకు, ‘ద రిటర్న్ ఆఫ్ ద కింగ్’కు దాదాపు 50 నిమిషాలు కలిశాయి. మీ దగ్గరున్న డిస్కుల మీద 228, 235, 263 అని కనిపిస్తే కంగారు పడకండి. సినిమా అయిపోయాక అభిమాన సంఘం సభ్యుల పేర్లు వరుసగా సాగే భాగం కూడా ఆ లెక్కలో ఉంది. మొదటి సినిమాలో ఆ పేర్లకే దాదాపు 20 నిమిషాలు పడుతుంది. అవి తీసేస్తే మూడింటికీ కలిపి సుమారు పదకొండున్నర గంటలు కేటాయించుకోవాలి.

ఈ కూర్పులు మొదట 2002, 2003, 2004 సంవత్సరాల్లో డీవీడీలుగా వచ్చాయి. 2011లో బ్లూరే, 2020లో 4కె రూపం వచ్చాయి. 2011 బ్లూరేలో మొదటి సినిమా రంగులకు పచ్చని ఛాయ పడిందని అప్పట్లో పెద్ద చర్చే జరిగింది. మంచు సన్నివేశాల్లో అది కంటికి తగులుతుంది. ఎంచుకునే వీలుంటే 4కె రూపాన్ని తీసుకోండి.

తెరను, శబ్దాన్ని సిద్ధం చేసుకోండి

టీవీలో మోషన్ స్మూతింగ్ లాంటి పేరుతో ఉండే సదుపాయాన్ని ఆపేయండి. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాకు అది లేని నునుపు పూస్తుంది. ఆ నునుపులో కోటలు సెట్లుగా, కవచాలు వేషాలుగా బయటపడిపోతాయి.

గుసగుసగా సాగే మాటలు, గోడలు అదిరే యుద్ధాలు ఈ సినిమాల్లో పక్కపక్కనే ఉంటాయి. రాత్రిపూట చూసేటట్లయితే ప్లేయర్‌లోనో టీవీలోనో ఉండే, పెద్ద శబ్దాలను అణిచే నైట్ మోడ్ వాడండి. లేకపోతే మాట వినిపించాలని శబ్దం పెంచడం, కత్తి దూయగానే తగ్గించడం, రాత్రంతా ఇదే పని అవుతుంది.

సబ్‌టైటిల్స్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఎల్ఫ్‌లనే అమరజాతి భాషలో మాట్లాడే చోట్ల మాత్రమే కనిపించే సబ్‌టైటిల్స్ కొన్ని ప్లేయర్లలో వాటంతట అవి రావు. ఎల్ఫ్ యువతి ఆర్వెన్, గోండోర్ అనే రాజ్యానికి వారసుడైన ఆరగార్న్ మొదటిసారి ఆ భాషలో మాట్లాడుకునే చోటును ముందే ఒకసారి పెట్టి చూసుకోండి.

ఆరు విడతలుగా విభజించండి

గడియారం చూసి ఆపడం కన్నా కథ మలుపు తిరిగే చోట ఆపడం మేలు. మొదటి సినిమాకు ఎల్ఫ్‌ల నివాసమైన రివెండెల్‌లో జరిగే సభ ముగిసే చోటు సరైనది. డిస్కు మార్చాల్సిందీ అక్కడే. దుష్టశక్తి ఉన్న ఉంగరాన్ని నాశనం చేయడానికి తొమ్మిదిమంది ఒక జట్టుగా నిలబడ్డ క్షణంలో ఆపితే, మరునాడు ప్రయాణంతోనే మొదలుపెట్టవచ్చు.

రెండో సినిమాను రోహన్ రాజ్యపు రాజధాని ఎడోరస్ ప్రజలు ఇళ్లు వదిలి హెల్మ్స్ డీప్ కోట దారి పట్టే దగ్గర ఆపండి. మూడోదాన్ని ఆరగార్న్ మృతుల దారిలోకి అడుగుపెట్టే దగ్గర. ఇవి సినిమాల నడిమికి కాస్త అటూఇటూగా ఉంటాయి, అయినా నష్టం లేదు. విడతకూ విడతకూ మధ్య ఒక రోజుకు మించి ఎడం రానివ్వకండి. వారానికొకటి చొప్పున చూస్తే, కింద చెప్పబోయే దారాలు తెగిపోతాయి.

దారాలు పట్టుకుని చూడండి

ఒక కాగితం పక్కన ఉంచుకుని, ఇంతకుముందు చూడని సన్నివేశం రాగానే రెండు మాటల్లో రాసుకోండి. తర్వాతి సినిమాల్లో దానికి సంబంధించినది కనిపించగానే ఎదురుగా మరో మాట రాయండి. ఈ చిన్న పని వల్ల సినిమా మొత్తం కొత్తగా తెరుచుకుంటుంది.

మొదటగా, ఉంగరం మోసే ఫ్రోడోకు తోడుగా వెళ్లే సామ్ తాడు. ఎల్ఫ్‌ల అడవి లోత్లోరియన్ నుంచి బయలుదేరేటప్పుడు అక్కడి ఏలిక గలాడ్రియెల్ అందరికీ కానుకలిచ్చే ఘట్టం థియేటర్ కూర్పులో చాలావరకు లేదు. పొడిగించిన దానిలో మెర్రీకీ పిప్పిన్‌కూ బాకులు దక్కుతాయి, సామ్‌కు ఎల్ఫ్‌లు పేనిన తాడు దక్కుతుంది. మెరిసే ఆ బాకులు ఇంకేమైనా మిగిలాయా అని అతను అమాయకంగా అడుగుతాడు. రెండో సినిమా మొదట్లో ఫ్రోడో, సామ్ అదే తాడు పట్టుకుని కొండ అంచు నుంచి దిగుతారు. దిగాక, పైన కట్టిన ముడి ఎలా విప్పాలని సామ్ బాధపడుతూ చిన్నగా లాగగానే తాడు దానంతటదే ఊడి చేతికి వస్తుంది. కాసేపటికి, ఒకప్పుడు ఉంగరాన్ని దగ్గర ఉంచుకున్న గొల్లుమ్ మెడకు కట్టేదీ ఎల్ఫ్‌ల తాడే. అది కాలుస్తోందని గొల్లుమ్ కేకలు పెట్టడం థియేటర్‌లో అందరూ చూసినదే. కానీ దానికి ముందు ఆ తాడు ఇచ్చిన చేతులను చూసినవారికి ఆ కేక వేరేగా వినిపిస్తుంది.

ఇంతకన్నా లోతైన దారం, జట్టులోని గోండోర్ యోధుడు బొరోమిర్ కుటుంబానిది. నన్నడిగితే పొడిగించిన కూర్పులు ఉండటానికి ఇదొక్కటే చాలు. రెండో సినిమాలో అతని తమ్ముడు ఫరామిర్ గుర్తు చేసుకునే ఒక ఘట్టం చేర్చారు. గోండోర్ నగరం ఒస్గిలియాత్‌ను తిరిగి గెలుచుకున్న రోజు అది. బొరోమిర్ సైనికులతో కలిసి సంబరం చేసుకుంటూ తమ్ముణ్ణి పక్కకు లాక్కుంటాడు. ఇద్దరూ మనసారా నవ్వుకుంటూ ఉండగా తండ్రి డెనెథార్ వస్తాడు. పెద్ద కొడుకును ఆకాశానికెత్తుతాడు, చిన్నవాడిని ఒక్క మాటతో కిందకు తోసేస్తాడు. రివెండెల్ వెళ్లి ఉంగరం తెమ్మని బొరోమిర్‌ను ఆదేశిస్తాడు. తన చోటు ఇక్కడే అని అతను వద్దంటాడు. నేను వెళ్తానని ఫరామిర్ ముందుకొస్తే తండ్రి ఒప్పుకోడు. చివరికి గుర్రమెక్కిన బొరోమిర్ ఈ రోజును గుర్తుంచుకోమని తమ్ముడికి చెప్పి వెళ్తాడు.

ఇది చూశాక మొదటి సినిమాలోని బొరోమిర్ మారిపోతాడు. ఆశపడి జారిపోయినవాడుగా కాక, ఇష్టం లేని పనికి తండ్రి తోసిన కొడుకుగా కనిపిస్తాడు. ఫ్రోడోను ఫరామిర్ ఎందుకు బంధించాడో అర్థమవుతుంది. మూడో సినిమాలో డెనెథార్ కళ్లకు ఫరామిర్ వెనుక బొరోమిర్ నవ్వుతూ వస్తున్నట్టు కనిపించే క్షణం కూడా చేర్చారు. ముసలి తండ్రి ముఖం ఒక్కసారిగా వెలుగుతుంది, మరుక్షణం ఆరిపోతుంది. ఆ ముఖాన్ని తొందరపడకుండా చూడండి.

మిగిలినవి త్వరగా చెబుతాను. నది ఒడ్డున పడి ఉన్న ఆరగార్న్ దగ్గరకు వచ్చే గుర్రం ఎక్కడిదో రెండో సినిమాలోనే తెలుస్తుంది: రోహన్ రాజకుమారుడు చనిపోయాక ఎవరికీ లొంగని అతని గుర్రం బ్రెగోను ఆరగార్న్ మాటలతో శాంతింపజేసి, స్వేచ్ఛగా వదిలేయమంటాడు. పిప్పిన్ నీళ్లలో ఏరిన మాయా గోళం, శత్రుపక్షం చేరిన మాంత్రికుడు సారుమాన్ దుస్తుల్లోంచి జారిపడిందని మూడోదానిలో చూస్తాం. సారుమాన్ మరణం థియేటర్ కూర్పులో అసలు లేనే లేదు. పట్టాభిషేకంలో రోహన్ రాజకుమార్తె ఎయోవిన్, ఫరామిర్ పక్కపక్కన ఎందుకు నిలబడ్డారన్న ప్రశ్నకు జవాబు వైద్యశాల సన్నివేశాల్లో ఉంది.

అన్నీ మెచ్చుకోనక్కరలేదు

కొన్ని చేర్పులు కథకు చెడుపే చేశాయి. థియేటర్ కూర్పులో మృతుల రాజును ఆరగార్న్ ఏం చెబుతావని అడగగానే దృశ్యం తెగిపోతుంది. జవాబేమిటో ఓడలు ఒడ్డుకు చేరేదాకా తెలియదు. పొడిగించిన దానిలో కపాలాలు వరదలా కూలిపడ్డాక రాజు వచ్చి ఒప్పేసుకుంటాడు. ఓడలెక్కిన శత్రువుల మీద మృతులు విరుచుకుపడటమూ ముందే చూసేస్తాం. ఆ ఉత్కంఠ అంతా పోయింది. శత్రువు సౌరాన్ దేశపు నల్ల ద్వారం దగ్గర మాట్లాడటానికి వచ్చిన దూత తలను ఆరగార్న్ నరకడం కూడా నాకు మింగుడుపడలేదు. రాయబారిని చంపే రాజు కాడతను. మీకు వేరే అభిప్రాయం ఉండవచ్చు. ప్రతి చేర్పు దగ్గరా ఇది లేకపోతే ఏం పోయేది అని అడుగుతూ చూడండి.

ఒక విడత చెవులకు ఇవ్వండి

కాగితం పని పూర్తయ్యాక, మీకు నచ్చిన ఏదో ఒక సగాన్ని సంగీతం కోసం మళ్లీ చూడండి. గోండోర్ రాజ్యపు రాగం రివెండెల్ సభలో బొరోమిర్ మాట్లాడుతుంటే మెల్లగా తలెత్తుతుంది. మూడో సినిమాలో మాంత్రికుడు గాండాల్ఫ్ గుర్రం గోండోర్ రాజధాని మినాస్ తిరిత్ వీధుల్లో పైకి దూసుకుపోతున్నప్పుడు పూర్తి బలంతో మోగుతుంది. రోహన్ రాగంలో వినిపించేది నార్వేకు చెందిన హార్డాంగర్ ఫిడేలు. మోరియాలో గాండాల్ఫ్ పడిపోయాక జట్టు రాగం మునుపటి నిండుదనంతో వినిపించడం ఎంత అరుదో గమనించండి.

చివరగా, తెర వెనుక కథ

డిస్కులు ఉన్నవారికి ప్రతి సినిమాకూ, దృశ్యాలతోపాటు వినిపించే నాలుగు వ్యాఖ్యానాలున్నాయి: దర్శకుడు-రచయితలది, డిజైన్ బృందానిది, నిర్మాణ బృందానిది, నటులది. ఈసారి చూసేటప్పుడు వాటిని పెట్టకండి, మరో నెలకు దాచుకోండి. నటుల వ్యాఖ్యానంతో మొదలుపెడితే తేలిక. వీటితోపాటు సినిమాకు రెండు చొప్పున ఆరు భాగాలుగా తయారీ చిత్రాలు ఉన్నాయి. న్యూజిలాండ్‌లో 1999 అక్టోబరు నుంచి 2000 డిసెంబరు దాకా మూడు సినిమాలూ కలిపి ఎలా తీశారో అవి విడమరచి చెబుతాయి. అన్నీ చూసే తీరిక లేకపోతే సూక్ష్మ నమూనాల భాగాన్ని మాత్రం వదలకండి. మినాస్ తిరిత్ నగరాన్ని అసలు పరిమాణంలో 72వ వంతుగా, ఇల్లు ఇల్లుగా కట్టిన చేతులు అందులో కనిపిస్తాయి.