పీసాలో కారు ఆపే ముందు

వేసవి సెలవుల్లో ఇటలీలో కారు అద్దెకు తీసుకునే మనవాళ్ల ప్లాన్‌లో ఈ లైను తప్పకుండా ఉంటుంది: ఫ్లోరెన్స్ నుంచి వెళ్తూ దారిలో పీసా, ఒక గంట. మేమూ అలాగే రాసుకున్నాం. ఆ గంట మూడు గంటలైంది. నాలుగు నెలల తర్వాత ఇంటికి జరిమానా కాగితం కూడా వచ్చింది.

ముందుగా ఆశ కాస్త తగ్గించుకోండి. చిన్నప్పుడు జీకే పుస్తకంలో చూసి మనం ఊహించుకున్నంత పెద్దది కాదు పీసాలోని ఆ వాలిన టవర్. ఎత్తు సుమారు 56 మీటర్లు. 1990లో మూసేసి, వంపు కొంత తగ్గించి, 2001లో మళ్లీ తెరిచారు. పైకి ఎక్కాలంటే టైమ్ స్లాట్ టికెట్ ముందే కొనుక్కోవాలి, బ్యాగులు కింద అప్పజెప్పాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని ఎక్కనివ్వరు. ఇది తెలియక గేటు దగ్గర ఒకరు పిల్లాడితో ఉండిపోవడం, ఇంకొకరు మొహం మాడ్చుకుని ఎక్కడం మామూలే.

అసలు ప్రమాదం జెడ్‌టీఎల్. పాత ఊళ్లోకి బయటి బండ్లు రాకుండా పెట్టిన హద్దు అది. తెల్ల బోర్డు మీద ఎర్ర గుండ్రం, కింద వేళలు. గేటూ ఉండదు, పోలీసూ ఉండడు, కెమెరా నంబర్ ప్లేటును ఫొటో తీసుకుంటుంది. ‘వార్కో అత్తీవో’ అని వెలిగితే హద్దు అమల్లో ఉన్నట్టు. మా ఫోన్‌లో మ్యాప్ ‘కుడికి తిరగండి’ అంది, తిరిగాం. రెండు నిమిషాల్లో తప్పు తెలిసి వెనక్కి వచ్చాం. వచ్చేటప్పుడు ఇంకో కెమెరా! విదేశీయులకు నోటీసు పంపడానికి వాళ్లకు 360 రోజుల గడువుంది కాబట్టి, రాలేదని సంబరపడకండి. వచ్చాక ఐదు రోజుల్లోపు కడితే 30 శాతం తగ్గింపు ఉంటుంది. మీ వివరాలు అధికారులకు ఇచ్చినందుకు కారు అద్దెకిచ్చినవాళ్లు తీసుకునే ఫీజు వేరు. అందుకే మ్యాప్‌లో టవర్ పేరు కొట్టకండి, ఊరి అంచున ఉన్న పార్కింగ్ పేరు కొట్టి, అక్కడి నుంచి నడవండి. రోడ్డు పక్కన నీలం గీతలంటే డబ్బు కట్టాలి, పసుపు గీతలు మనకు కాదు.

సామాను సంగతి ఇంకా ముఖ్యం. దారిలో ఆగే ఊరు కాబట్టి డిక్కీ నిండా సూట్‌కేసులుంటాయి, దొంగలకూ ఆ మాట తెలుసు. వీలైతే ముందు హోటల్లో సామాను దించేసి రండి. లేదంటే సీట్ల మీద చార్జర్ వైరు కూడా కనపడనివ్వకండి, పాస్‌పోర్టులు ఒంటి మీదే ఉంచుకోండి. ఎవరైనా ‘టైరులో గాలి లేదు’ అని చూపిస్తే, దిగేముందు తలుపులు లాక్ చేయండి. ఇక ఆ టవర్‌ను చేత్తో ఆపుతున్నట్టు ఫొటో: రెండు చేతులూ గాల్లో, బ్యాగు గడ్డి మీద, ఫొటో తీసేవాళ్ల కన్ను స్క్రీన్ మీద. జేబుదొంగకు ఇంతకంటే ఏం కావాలి? బ్యాగు భుజానికి తగిలించుకునే పోజివ్వండి.

మన లైసెన్స్‌తో పాటు ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాల్సిందే. హైవే టోల్ దగ్గర పసుపు ‘టెలిపాస్’ (మన ఫాస్టాగ్ లాంటిది) లైన్‌లోకి దూరకండి. ప్రమాదం జరిగినా, దొంగతనమైనా 112కి ఫోన్ చేయండి.

పీసాలో గంటన్నర చాలు. మిగిలిన పూటకి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని లూకా వెళ్లండి. ఊరి చుట్టూ నాలుగు కిలోమీటర్లకు పైగా పాత కోటగోడ, దాని మీద చెట్ల నీడ, అద్దె సైకిళ్లు. మా పిల్లలకు ఆ ట్రిప్పులో గుర్తున్నది అదే. కారు మాత్రం గోడ బయటే పెట్టండి, లోపల అక్కడా జెడ్‌టీఎల్ ఉంది.